మా అవ్వ ఊడ్చిన మహలు

మాది మట్టెవాడ. వరంగల్ పాత ఊరు. భోగేశ్వరుని గుడి ఉన్న మట్టెవాడ అంటే అందరికి తెలుసు. ఆ మట్టెవాడలనే మాదిగోల్ల ఇండ్లు గూడ ఉన్నయంటే మాత్రం "అట్లనా?" అంటరు. మా ఇంటి నుంచి కిల్లకు నడిచిపోతే ముప్పావు గంట. ఆ తొవ్వల నేను ఎన్నిసార్లు నడిచిన్నో లెక్క లేదు. కాని కిల్లల ఖుష్ మహల్ గడప దాటింది మూడేసార్లు. మొదటిసారి మా అవ్వకు సద్ది తీస్కపోయినోడిగ. రెండోసారి బడి పిల్లగాడిగ. మూడోసారి మొన్న చలికాలంల, నా మనుమరాలి చెయ్యి పట్టుకొని, టికెట్ కొనుక్కొని, సందర్శకుడిగ.

మూడోసారి పోయినప్పుడు నా మనుమరాలు ఒక మాట అడిగింది. "తాతా, ఇది మన రాజుల మహలేనా?"

ఆమె తప్పేం లేదు. ఆమె బడి పుస్తకంల "మన కాకతీయులు" అని ఉన్నది. 2014ల తెలంగాణ వచ్చినంక కాకతీయ తోరణం రాష్ట్ర చిహ్నంలకు ఎక్కింది. 2021ల రామప్ప గుడి ప్రపంచ వారసత్వ జాబితల చేరింది. ఊరి మొదట్ల కమానులు, ఆఫీసుల ముందట కమానులు, పెండ్లి పందిట్ల గూడ థర్మాకోల్ కమానులు. మన గతం, మన వైభవం, మన వారసత్వం. ఎటు జూసినా మన, మన, మన. ఆ "మన" కాడ్నే నా కాలు ఆగింది. జవాబు నోట్లెకు రాలె. ఆ జవాబు కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్న.

మొదటిసారి పోయినప్పుడు నాకు ఎనిమిదేండ్లుంటయి. మా నాయిన చౌరస్త కాడ చెట్టు కింద కూసోని చెప్పులు కుట్టేటోడు. అవ్వ కూలికి పోయేది. ఏ పని దొరికితే ఆ పని. నాట్లు, కలుపు, సున్నం మోసుడు, రాళ్ళు మోసుడు. ఒక కాలంల కిల్లల గడ్డి పీకే పని దొరికింది. తోరణాల చుట్టూర తుమ్మ పొదలు, మహల్ల గబ్బిలాల పెంట. ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నడని నలుగురాడోల్లను మహల్ ఊడ్వబెట్టిండ్రు. నేను జొన్నరొట్టె, ఉల్లిగడ్డ మూట గట్టుకొని పోయిన.

ఖుష్ మహల్ చూసినోల్లకు తెలుసు. బయటి నుంచి చూస్తే పెద్ద రాతి పెట్టె లెక్క ఉంటది. గోడలు కింద లావుగ, మీదికి పోయినకొద్ది లోపలికి వంగి ఉంటయి. లోపల అడుగుబెడితే ఎత్తైన కమానులు ఒకదాని ఎనుక ఒకటి. నడిమిట్ల నీళ్ళ తొట్టి. ఎంత ఎండ కాసినా లోపల సల్లగ ఉంటది. మా అవ్వ ఆ కమాను కింద నడుము వంచి ఊడుస్తున్నది. దుమ్ముల మనిషి కానొస్తలేదు, చీపురు చప్పుడే వినొస్తున్నది. నన్ను జూసి "ఆడ్నే ఉండు బిడ్డా, దుమ్ము మీద పడ్తది" అన్నది. నేను అంత పెద్ద ఇల్లు అంతకు ముందు చూడలె. "అవ్వా, ఇది ఎవలిల్లు?" అన్న. "ఎవలిదో. ఇప్పుడైతే గబ్బిలాలది" అన్నది.

రొట్టె మూట ఇప్పక ముందే మేస్త్రి ఉరికొచ్చిండు. జీపు వస్తున్నది, అందరు ఎనుక దిక్కు పోండ్రి అన్నడు. ఊడ్చిన ఆడోల్లు, చీపుర్లు, గంపలు, నేను, నా రొట్టె మూట, అందరం ఎనుక గోడ కాడికి పోయినం. ఆఫీసరు సాబు శుభ్రమైన మహల్ చూసి సంబురపడి పోయిండట. ఆయన చూసింది మా అవ్వ చేతి పని. చూడకూడనిది మా అవ్వ. మహల్ల ఉన్న అసలు కిటుకు నాకు ఆ దినమే తెలిసింది. కాని దానికి మాటలు లేకుండె.

రెండోసారి 1973ల. ఆరో తరగతి చదువుతున్న. బడోల్లు మమ్మల్ని కిల్ల చూపెట్ట తీస్కపోయిండ్రు. నలభై మంది పిల్లలం, ఇద్దరు సార్లు. ఆ బడి పేరు, ఆ సార్ల పేర్లు నేను రాయను. నాకు వాళ్ళతోటి పగ లేదు. అప్పటి బడులన్ని అట్లనే ఉండె.

నాలుగు తోరణాల నడిమిట్ల నిలబెట్టి సారు చరిత్ర చెప్పిండు. మంచిగ చెప్పేటోడు. గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు. మట్టికోట, రాతికోట, అగడ్త. 1323ల ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చి కోట పట్టుకున్నడు, ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు మార్చిండు, ప్రతాపరుద్రుణ్ణి పట్టుకపోతుంటే నర్మద ఒడ్డున పానం ఇడిసిండు. సారు గొంతు వణికింది. మేం పిల్లలం గూడ ఏడుపు మొకాలు పెట్టినం. నేను అందరికంటె ఎక్కువ ఏడ్చిన్నేమో. మా రాజు చచ్చిపోయిండని.

మాపటీలి బువ్వలయినయి. అందరు వేపచెట్టు కింద వరుసగ కూసున్నరు. మమ్మల్ని నలుగుర్ని వేరే చెట్టు చూపెట్టిండ్రు. నీళ్ళకు దోసిలి పట్టమన్నరు. ఒకడు మీదికెల్లి పోసిండు. అర్ధగంట ముందు నేను ఏడ్చిన రాజు, ఆ దోసిలిల నీళ్ళు పడేటప్పుడు ఎక్కడికి పోయిండో తెల్వలె.

బువ్వలయినంక మహల్ చూడబోయినం. అక్కడ మా అవ్వ ఉన్నది.

ఆ రోజు ఆమెకు అక్కడ్నే పని ఉన్నదని నాకు తెల్వదు. గోడవార ముండ్ల కంప కొట్టి గంపకెత్తుతున్నది. నన్ను చూసింది. చూసి కొంగు మొకం మీదికి గుంజుకొని అటు దిక్కు తిరిగింది. మా తరగతిల ఒకడు మా వాడ దిక్కు తిరిగేటోడు. వాడు గుర్తువట్టిండు. "గా ఆమె మీ అమ్మ గాదుర?" అన్నడు. మేం మాదిగోల్లమని అందరికి తెలుసు. కాని మా అవ్వ ఇంట్ల బీడీలు చుడ్తదని నేను బడిల చెప్పుకున్న. బీడీల పనికి కొద్దిగ ఇజ్జత్ ఉండె. పెంట ఎత్తే పనికి లేకుండె.

"కాదు" అన్న.

ఆ రాత్రి నాకు బువ్వ మింగుడు పడలె. అవ్వనే మాట తీసింది. "పొల్లగాండ్ల ముందట నగుబాటెందుకని నేనే మొకం తిప్పుకున్న బిడ్డా. నువ్వు రంది పెట్టుకోకు" అన్నది. కొద్దిసేపు ఆగి ఇంకో మాట అన్నది. "మీ సారు మంచిగ చెప్పిండురా. గోడ అవుతల్నుంచి ఇన్న. గా రుద్రమ్మ అంత పెద్దదా? ఆడిదై రాజ్జెం చేసిందా?"

చేసిందన్న.

"మరి గా రాణి, మహలు ఊడ్సెటోల్లకు కూలి ఎంతిచ్చేదట? మీ సారు చెప్పిండా?"

సారు చెప్పలె. పుస్తకంల లేదు. మా అవ్వ పోయి ముప్పై ఏండ్లయితున్నది. ఆ ప్రశ్న మాత్రం నేను ఇప్పటికి మోస్తున్న.

తర్వాత నేను చదువుకున్న. పంతులు నౌకరి చేసిన. జవాబు కోసం దొరికిన పుస్తకమల్లా తిరగేసిన. శాసనాలు చదివినోల్ల పుస్తకాలు చదివిన. అయ్యా చరిత్రకారులారా, మీరు చాన కష్టపడ్డరు, కాదనను. ఏ రాజు ఏ సంవత్సరం ఏ గుడికి ఎన్ని దీపాలు పెట్టిచ్చిండో మీకు తెలుసు. 1163ల రుద్రదేవుడు హనుమకొండల వేయిస్తంభాల గుడి కట్టిచ్చిండని తెలుసు. ఏ బాపనాయనకు ఏ ఊరు అగ్రహారం ఇచ్చిండ్రో తెలుసు. గుడిల ఆటగత్తెకు ఎంత భూమో తెలుసు. ఆ వేయి స్తంభాల నీడల తెల్లారి లేచి ఊడ్చినామెకు ఎంతిచ్చిండ్రో మాత్రం తెల్వదు.

మల్కాపురం శాసనం ఉన్నది. 1261 నాటిది, కాకతీయుల కాలంది. గోళకీ మఠానికి ఇచ్చిన దానం. అండ్ల బడి ఉన్నది, దవాఖాన ఉన్నది, కాన్పుల కోసం ప్రసూతిశాల ఉన్నది. అన్నసత్రం ఉన్నది. ఆ సత్రంల బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని దాక అందరికి అన్నం పెట్టాలెనని రాసి ఉన్నది. సభల్ల ఈ ముక్క చెప్పి చప్పట్లు కొట్టిస్తరు. "చూసిండ్రా, అప్పుడే ఎంత సమానత్వమో" అంటరు. నేను గూడ ఒకసారి చప్పట్లు కొట్టిన. ఇంటికొచ్చినంక ఆలోచించిన. భూమి పంచిన కాడ పంతుళ్ళున్నరు, వైద్యుడున్నడు, ఆటగత్తెలున్నరు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి ఉన్నరు. చండాలుడు మాత్రం తినే వరుసల్నే ఉన్నడు. ఆకలైతే బువ్వ పెట్టుండ్రి అన్నరు గని, ఆకలి కాకుండ ఒక మడిచెక్క ఇయ్యుండ్రి అనలె. అన్నం తినేటప్పుడు వాణ్ణి ఏ చెట్టు కింద కూసోబెట్టిండ్రో గూడ రాయలె. నాకు తెలుసు. నేను ఆ చెట్టు కింద కూసున్నోణ్ణే.

ఇంకో సంగతి. రుద్రమదేవి ఎట్ల సచ్చిపోయిందో, ఎప్పుడు సచ్చిపోయిందో చాన కాలం ఎవరికి తెల్వదు. చివరికి చందుపట్ల శాసనం బయటపడ్డది. 1289 నాటిది. రాణి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం పోయిండ్రని, వాళ్ళ పుణ్యం కోసం దేవునికి భూమి ఇస్తున్ననని అండ్ల ఉన్నది. ఆ శాసనం ఏపిచ్చింది రాజు గాదు, మంత్రి గాదు. పువ్వుల ముమ్మడి అని ఆ సేనాని దగ్గరి బంటు. చూసిండ్రా? అంత పెద్ద రాణి చావు కబురు ఏడువందల ఏండ్లు దాటి మన దాక మోసుకొచ్చింది ఒక బంటు. మహాకవులు కాదు. బంటు నోరు తెరిస్తేనే మీ చరిత్ర నిండింది. మరి మిగిలిన బంట్ల నోర్లు ఎవరు కుట్టేసిండ్రు?

మట్టికోట తవ్వింది ఎవరు? అగడ్తల నీళ్ళు నింపేదాక బురద ఎత్తింది ఎవరు? కత్తికి ఒర, ఢాలుకు తోలు, గుర్రానికి జీను, సైనికుని కాలికి చెప్పు ఎవరు చేసిండ్రు? బాయిల నీళ్ళు తోడే మోటబొక్కెన తోలు ఎవరు ఊనిండ్రు? యుద్ధం వచ్చిందని ఊరూరికి డప్పు ఎవరు కొట్టిండ్రు? పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయులు తవ్విచ్చిండ్రు అంటరు. తవ్విచ్చుడు వేరు, తవ్వుడు వేరు. మా ఊర్లల్ల చెరువు తూము కాడ నీరటికాడు చాన కాడ మాలోడో మాదిగోడో. రాత్రంత పారపట్టి ఊరి పొలాలన్నిటికి నీళ్ళు పారిచ్చి, పొద్దున తన దూప తీరేటందుకు దోసిలి పట్టినోడు. ఆ దోసిలే నా బడి దాక వచ్చింది.

కిల్ల కాడ గైడు చెప్తడు, కోహినూర్ వజ్రం ఇక్కడ్నుంచే పోయిందని. 1310ల మాలిక్ కాఫూర్ కోటను ముట్టడించి ఒంటెల మీద ధనం మోసుకపోయిండని చెప్తడు. వినేటోల్లు చుక్ చుక్ అంటరు. దోచుకపోయిండు, నిజమే. కాని ఆ ధనం కోటలకు ఎట్లొచ్చింది? అది గూడ ఎవరి కడుపు గొట్టి తెచ్చిందే గద. కరువుల పన్ను కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుని సైన్యం మేడారం మీద పడ్డదని, సమ్మక్క సారలమ్మ కొట్లాడి పానాలిచ్చిండ్రని మా జనం ఇప్పటికి చెప్పుకుంటరు. రెండేండ్లకోసారి లక్షల మంది అడివిల జమయి ఆ తల్లులకు మొక్కుతరు. ఒక్కలన్న ప్రతాపరుద్రునికి బెల్లం పెట్టిండ్రా? జనానికి తన రాజు ఎవరో, తన తల్లి ఎవరో తెలుసు. చదువుకున్న మనకే తెల్వకుండ పోయింది.

క్రీడాభిరామం అని ఓరుగల్లు వీధుల ఎంబడి తిరిగిన కావ్యం ఉన్నది. ఇద్దరు దోస్తులు పట్నమంత చూసుకుంట పోతరు. అండ్ల ఏకవీర గుడి కాడ జమిడిక కొట్టి పరశురాముని కథ చెప్పే బవనీలు కానొస్తరు. ఆ బవనీలు మా బైండ్లోల్లే. ఎల్లమ్మ కొలుపుకు ఇప్పటికి మా వాడకు వచ్చి జమిడిక కొడ్తరు. ఆ కావ్యంల మేం చూడదగ్గ వింతగ ఉన్నం. చప్పుడుగ ఉన్నం. మనుషులుగ లేము. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ కావ్యాన్ని వాడుకొనే ఆనాటి బతుకు ఎట్లుండెనో ఆంధ్రుల సాంఘిక చరిత్రల రాసిండు. 1949ల వచ్చిన ఆ పుస్తకం మంచిది. రాజుల కథ పక్కకు పెట్టి జనం కథ రాయాలన్నది అది. కాని ఆ జనంల మా అవ్వ ప్రశ్నకు అక్కడ గూడ జవాబు దొరకలె.

ఇగ ఖుష్ మహల్ సంగతి. నా మనుమరాలు అడిగిన "మన రాజుల మహలు" అసలు కాకతీయులదే కాదు. కాకతీయుల రాజమందిరం ఇప్పుడు నిలబడి లేదు. ఈ మహల్ ఢిల్లీ తుగ్లకుల కట్టడమని, వాళ్ళ కాలంల ఇది దర్బారు అని ఈ మధ్య చరిత్రకారులు తేల్చిండ్రు. జనం మాత్రం షితాబ్ ఖాన్ మహల్ అంటరు. ఈ షితాబ్ ఖాన్ ఎవరు? అసలు పేరు సీతాపతి. బహమనీల రాజ్యం చెదిరిపోతున్న కాలంల ఓరుగల్లు గద్దె ఎక్కినోడు. బోయ కులపోడని కొందరు చరిత్రకారులు రాసిండ్రు. ఆఖరికి గోల్కొండ కులీ కుతుబ్ షా చేతుల ఓడిపోయిండు.

ఇది చదివినప్పుడు నా రొమ్ము పొంగింది. అబద్ధం చెప్పను. ఆ కమాను కింద, మా అవ్వ ఊడ్చిన చోట, మనసోంటి కింది కులపోడు కూసున్నడా అనిపించింది. నాలుగు రోజులు ఆ సంబురంల ఉన్న. తర్వాత ఆయన 1504ల కిల్లల ఏపిచ్చిన శాసనం సంగతి చదివిన. ఏం రాయించుకున్నడు? తురకలు తీసేసిన కాకతీయుల దేవతను మళ్ళ నిలబెట్టిననని, పాంచాలరాయుని మళ్ళ ప్రతిష్ఠించిననని రాయించుకున్నడు. పాత రాజుల పాత దేవుళ్ళకు నేనే వారసున్నని చెప్పుకున్నడు. మా తల్లి ఫలానా పని చేసింది, మా వాడ ఫలానా కాడ ఉన్నది, మా వాడోల్లకు ఫలానా భూమి ఇచ్చిన అని రాయించుకున్నట్టు నేను చదివిన కాడ లేదు.

నాకు కోపం రాలె. సిగ్గు వచ్చింది. ఎందుకంటే ఆ మహల్ల నిలబడి పదకొండేండ్ల వయసుల నేను నోటితోటి చేసిన పని, ఆయన రాతి మీద చేసిండు. "గా ఆమె మీ అమ్మ గాదుర?" "కాదు."

కాకతీయులు మాత్రం తక్కువ తిన్నరా? వాళ్ళ శాసనాలే కొన్నింటిల నాలుగో వర్ణమోల్లమని చెప్పుకున్నరు. గద్దె గట్టిపడ్డంక ఇంకో కాడ సూర్యవంశం అని రాయించుకున్నరు. కింది నుంచి మీదికి ఎక్కినోడు ఎక్కిన నిచ్చెన గుంజేసి, నేను పుట్టుకతోటే మీద ఉన్న అని చెప్పుకునుడు మన దేశంల రాజుల కాడ మొదలై ఎమ్మెల్యేల కాడికొచ్చింది. మనోళ్ళల్ల గూడ ఉన్నరు. రిజర్వుడు సీట్ల గెలిచి, కారెక్కి, వాడ మొకం చూడనోల్లు. ఆఫీసరై ఇంటి పేరు మార్చుకున్నోల్లు. కొడుకు పెండ్లి కార్డు మీద వాడ పేరు తీసేసి కాలనీ పేరు ఏసుకున్నోల్లు. మనోడు గద్దె ఎక్కితే సరిపోదు. ఎక్కినోడు మా అవ్వ ప్రశ్న అడగాలె. ఊడ్చెటోల్లకు కూలి ఎంత? అది అడగనోడు ఏ కులపోడైనా నాకు షితాబ్ ఖానే.

కోటలు చూడబోవుడు మా జాతికి ఎట్లుంటదో బాబాసాహెబ్ తన అనుభవాల్ల రాసుకున్నడు. 1934ల. ముప్పై మంది దాక మనోళ్ళు ఎల్లోర గుహలు చూడబోతూ దౌలతాబాద్ కోట కాడ ఆగిండ్రు. అప్పుడు దౌలతాబాద్, మా వరంగల్ రెండూ నిజాం రాజ్యంలనే ఉండె. తొవ్వ పొంట దుమ్ము కొట్టుకుపోయి, కోట దర్వాజ కాడ చిన్న నీళ్ళ తొట్టిల కాళ్ళు చేతులు కడుక్కున్నరు. అంతే. ఒక ముసలాయన అరుచుకుంట వచ్చిండు, అంటరానోల్లు తొట్టిని మైల చేసిండ్రని. జనం జమ అయిండ్రు. కొట్టేటట్టు మీదికొచ్చిండ్రు. అప్పుడు బాబాసాహెబ్ అడిగిండు, మీ మతం నేర్పింది ఇదేనా, రేపు మేం మీ మతంలకొస్తే గూడ మమ్మల్ని నీళ్ళు ముట్టనియ్యరా అని. అప్పుడు చప్పబడ్డరు. ఆఖరికి కోట చూడనిచ్చిండ్రు. కాని ఎట్ల? లోపల యాడ గూడ నీళ్ళు ముట్టకుండ కాపలకు తుపాకి పట్టిన జవానును ఎంబడి తోలిండ్రు.

అంత చదువు చదివినాయన. దేశాలు తిరిగినాయన. ఆయనకే తుపాకి కాపల. 1934ల దౌలతాబాద్ల తుపాకి, 1973ల ఓరుగల్లుల దోసిలి. కోట కట్టినోడు హిందువైనా తురకైనా, కోట చూడబోయిన మాకు మాత్రం నీళ్ళ కాడ ఒక్కటే న్యాయం జరిగింది.

ఇప్పుడు అట్ల లేదు గద అంటరు. నిజమే. మొన్న టికెట్ కౌంటరు కాడ నా కులం అడగలె. పైసలే అడిగిండ్రు. నా మనుమరాలు నల్లా కింద చెయ్యి పెట్టి నీళ్ళు తాగింది. ఒక్కలు అరవలె. కాని అయ్యా, ఇది కాకతీయులు ఇచ్చింది కాదు. తుగ్లకులు ఇచ్చింది కాదు, నిజాం ఇచ్చింది కాదు. 1950ల అమలుకొచ్చిన రాజ్యాంగం ఇచ్చింది. బావులు, చెరువులు, తొవ్వలు, జనం తిరిగే జాగలు ఎవరికీ కులం పేరు మీద బంద్ చెయ్యొద్దని 15వ అధికరణంల రాసి ఉన్నది. దౌలతాబాద్ తొట్టి కాడ అవమానపడ్డాయనే ఆ రాజ్యాంగం ముసాయిదా కమిటీకి పెద్ద. నా మనుమరాలు తాగిన నీళ్ళకు వారసత్వం ఎక్కడ్నుంచి వచ్చిందో మీరే లెక్క చెప్పుండ్రి.

2024ల రాష్ట్ర చిహ్నంల నుంచి కాకతీయ తోరణం తీసేస్తరని పెద్ద లొల్లి అయింది. తోరణం పోతే తెలంగాణ ఇజ్జత్ పోతదని ధర్నాలు చేసిండ్రు. ఉంచాలెనా తియ్యాలెనా అన్నది నా కొట్లాట కాదు. బొమ్మల తోరణం కోసం రోడ్డెక్కినోల్లు, అసలు తోరణం కింద పొద్దున్నే ఊడ్చే ఆడోల్ల కోసం ఎన్నడన్న రోడ్డెక్కిండ్రా అన్నదే నేను అడిగేది.

మనోళ్ళల్ల కొందరు పిల్లలు కోపంగ అంటరు, "రాజుల కోటలతోటి మనకేం పని పెద్దయ్యా, పోవుడే దండుగ" అని. వాళ్ళ కోపం నాకు అర్థమైతది. కాని నేను ఒప్పుకోను. ఎందుకు పోవొద్దు? ఎవరి సొమ్మని ఇడిసిపెడదాం? పోవాలె. పిల్లలను తీస్కపోవాలె. అయితే నోరెళ్ళబెట్టి తల మీదికెత్తి చూసుడు కాదు. వంగి చూడాలె. రాయికి రాయి ఎట్ల అతికిందో, ఉలి దెబ్బ ఎక్కడ పడ్డదో చూడాలె. మెట్టు ఎక్కడ అరిగిందో, ఎవరి కాళ్ళకు అరిగిందో అడగాలె. బాకీ ఉన్నోని ఇంటికి లెక్క అడగబోయినట్టు పోవాలె.

మొన్న మేం మహల్లకు పోయేసరికి ఇద్దరాడోల్లు ఊడుస్తున్నరు. అదే కమాను. అదే వంగుడు. లోపల వరుసగ పెట్టిన పాత విగ్రహాల నడుమ నుంచి దుమ్ము లేస్తున్నది. సందర్శకులు ఫొటోలు దిగుతున్నరు. ఫొటోల పడుతున్నరని ఒకాయన ఆమెను "కొద్దిగ పక్కకు జరుగమ్మా" అన్నడు. మర్యాదగనే అన్నడు. ఆమె జరిగింది. మేస్త్రి లేడు, జీపు లేదు. జరుగుడు మాత్రం ఉన్నది.

నేను ఆమె కాడికి పోయిన. ఏ ఊరు చెల్లె అన్న. చెప్పింది. కూలి ఎంతిస్తరు అన్న. అటు ఇటు చూసి చెప్పింది. ఆ అంకె నేనిక్కడ రాస్తలేను. రాస్తే ఆమె పని పోతది. అంత అర్థం చేసుకుంటే సాలు, ఆ కూలి ఎట్లాంటి కూలో.

"మీరెవలు సారూ, ఆఫీసు నుంచి వచ్చిండ్రా?" అన్నది బుగులుతోటి.

"కాదు చెల్లె. నేను గూడ గీ మహలు ఊడ్చినామె కొడుకునే" అన్న.

నా మనుమరాలు నా మొకం దిక్కు చూసింది. ఆమెకు ఈ సంగతి అప్పటిదాక తెల్వదు. మా ఇంట్ల గూడ నేను చెప్పలె. అంటే, 1973ల అన్న "కాదు"ను ఇన్నేండ్లు ఇంట్ల గూడ కాపాడుకుంట వచ్చిన్నన్నట్టు.

తోరణం కాడికి వచ్చినంక రాయి మీద కూసున్నం. అప్పుడు జవాబు చెప్పిన. "బిడ్డా, ఇది మన రాజులది కాదు. మనకు రాజులు లేరు. ఇది మన చేతులది. కట్టిన చేతులు, మోసిన చేతులు, ఊడ్చిన చేతులు. వాళ్ళకు ఇయ్యాల్సిన కూలి ఇంక బాకీ ఉన్నది. నువ్వు చదువుకున్నది దానికోసమే. ఏ మహల్లకు పోయినా మొదలు ఊడ్చినోల్లను అడుగు."

"మా ముత్తవ్వ ఎక్కడ ఊడ్చింది తాతా? చూపెట్టు" అన్నది.

మళ్ళ లేచి మహల్లకు పోయినం. చూపెట్టిన.

శాసనాలు రాజులే ఏపిచ్చుకోవాల్నా? బంటు పువ్వుల ముమ్మడి ఏపిచ్చినప్పుడు నేనెందుకు ఏపిచ్చొద్దు? నాకు రాయి లేదు, కాయితమే ఉన్నది. రాస్తున్న. ఓరుగల్లు మట్టెవాడ మాదిగాడది ఒకామె దినం కూలికి ఖుష్ మహల్ ఊడ్చింది. మస్టర్ రోల్ల ఆమె పేరు కాడ వేలిముద్ర ఉన్నది. ఆమె కొడుకు 1973ల నలుగురి ముందట ఆమెను మా అవ్వ కాదన్నడు. ఆమెనే మా అవ్వ అని ఇయ్యాల అందరి ముందట చెప్తున్నడు. ఆమె అడిగిన ప్రశ్నకు ఇంక జవాబు రాలె. వచ్చేదాక అడుగుతనే ఉంటం.